పద్నాలుగేళ్ళ దగ్గర ఆగిపోయినవాళ్ళు

మా అమ్మాయి సోఫాలో ముడుచుకుని కూర్చుని ఒక లావుపాటి పుస్తకాన్ని వెనకనుంచి ముందుకి చదువుతోంటే మొదట్లో నేను పట్టించుకోలేదు. ఈ కాలం పిల్లలు ఏ పనైనా తిరగేసి చేస్తారు కదా అనుకున్నాను. వారం తర్వాత ఆ పుస్తకం బల్లమీద తెరిచి ఉంటే చూశాను. ఒక పేజీలో ఒక అబ్బాయి మొహం, నోటి చివర రక్తం. పక్క పేజీ మొత్తం ఖాళీ, మూల చిన్న కిటికీ బొమ్మ. గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ రోజుల్లో మా అమ్మాయి మాతో మాట్లాడటం బాగా తగ్గించేసింది. అన్నం కంచం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయేది. పద్నాలుగేళ్ళు అప్పుడే నిండాయి. ఎడిసన్‌లో పుట్టింది, షార్లట్‌లో బడిలో చేరింది, ఆరో తరగతి మధ్యలో ఉండగా నా ప్రాజెక్టు అయిపోయి డాలస్ వచ్చేశాం. వచ్చినప్పటినుంచీ "ఫ్రెండ్స్ ఉన్నారా అమ్మా?" అంటే "ఉన్నారు" అని ఒక్క ముక్క తప్ప ఇంకేమీ చెప్పేది కాదు.

మా ఆవిడతో గొణిగాను, ఇలాంటివి చదవనివ్వకూడదని. "ముందు మీరొకసారి చదవండి, తర్వాత వద్దందురుగాని" అంది. నిజమే కదా అనిపించింది. పగలంతా కోడు రాసుకునే నాకు సాహిత్యంతో పరిచయం అంతంత మాత్రం. చిన్నప్పుడు చందమామ, ఇంజనీరింగ్ రోజుల్లో యండమూరి, అంతే. అలాంటివాడిని ఆ చలికాలమంతా జపాను రక్తపిశాచాల కథలు చదువుతూ గడిపాను. వాటిలో నాకు అర్థమైనది మీతో పంచుకుందామని ఈ వ్యాసం. మీ ఇంట్లో కూడా ఇలాంటి పుస్తకాలు ఉండే ఉంటాయి, మంచం కిందైనా సరే.

జపాను బొమ్మల కథల్ని మాంగా అంటారు. జపాను పద్ధతిలో కుడినుంచి ఎడమకి చదవాలి. మనం చివరి పేజీ అనుకునేదే వాళ్ళకి మొదటి పేజీ. దాదాపు అన్నీ నలుపు తెలుపుల్లోనే ఉంటాయి. ముందు వారపత్రికలోనో మాసపత్రికలోనో సీరియల్‌గా వచ్చి, తర్వాత పుస్తకంగా వస్తాయి. ఇది మనకి కొత్తేమీ కాదు. తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చేటప్పుడు మా అమ్మవాళ్ళు అలాగే ఎదురు చూసేవారట. తేడా ఏమిటంటే అక్కడ బాలురకి వేరు, బాలికలకి వేరు, పెద్దవాళ్ళకి వేరు పత్రికలు. నేను చెప్పబోయే కథల్లో అన్నిటికన్నా గొప్పది బాలికల పత్రికలో వచ్చింది.

అసలు రక్తం తాగే పిశాచి జపాను సొంత దయ్యం కాదు. వాళ్ళ సంప్రదాయంలో దయ్యమంటే ఎక్కువగా పగతోనో తీరని బాధతోనో తిరిగొచ్చే ఆత్మ. వాంపైర్ యూరప్ సరుకు. 1819లో జాన్ పాలిడోరి కథ, 1872లో లె ఫాన్యూ రాసిన కార్మిల్లా, 1897లో బ్రామ్ స్టోకర్ డ్రాక్యులా, అక్కడినుంచి సినిమాలు. జపాను భాషలో దానికి పేరు కూడా కూర్చుకోవలసి వచ్చింది. పీల్చడం, రక్తం, దయ్యం అనే మూడు అక్షరాలు పక్కపక్కన పెడితే 'క్యూకెత్సుకి'. మాంగా పితామహుడిగా చెప్పుకునే ఒసాము తెజుకా 1966లో 'వాంపైర్' అనే పేరుతో ఒక సీరియల్ మొదలుపెడితే అందులో ఉన్నది రక్తం తాగేవాళ్ళు కాదు, తోడేలుగా మారిపోయే మనుషులు. ఆ మాటకి అక్కడ ఇంకా స్థిరమైన అర్థం కుదరలేదన్నమాట.

ఇక్కడ చిన్న పిట్టకథ. డ్రాక్యులా నవల చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆయన లండన్ వెళ్ళేటప్పుడు తన ఊరి మట్టిని 50 పెట్టెల్లో నింపుకుని ఓడెక్కుతాడు. ఆ మట్టిలో తప్ప ఆయనకి నిద్ర పట్టదు. బయలుదేరే ముందు ఇంగ్లీషు పుస్తకాలు చదువుకుంటూ, తన మాట విని ఎవరూ పరాయివాడని గుర్తుపట్టకూడదని ఆరాటపడతాడు. రెండు సూట్‌కేసుల ఆవకాయ, కందిపొడి, పైన ఒక టోఫెల్ పుస్తకంతో 2003లో విమానమెక్కిన నాకు ఆ పేజీలు చదువుతోంటే ఆయనమీద భయం పోయి బోలెడంత జాలి కలిగింది. కానీ స్టోకర్‌కి ఆ జాలి లేదు. ఆయన కథలో పిశాచి బయటినుంచి వచ్చిన శత్రువు, అందరూ కలిసి తరిమి చంపవలసినవాడు. ఆ పిశాచి లోపల ఏముందో కథలో ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న వేసినవాళ్ళలో మోతో హగియో అనే ఆవిడ ఒకరు. 1949లో జపాను దక్షిణాన బొగ్గు గనుల ఊరు ఒముతాలో పుట్టారు. బొమ్మల కథలు గీయడం ఆవిడ తల్లిదండ్రులకి ఇష్టం లేదు. ఈ ఒక్క విషయంలో జపాను అమ్మానాన్నలకీ మనకీ పెద్ద తేడా లేదు. ఆ ఏడాదికి అటూ ఇటూగా పుట్టిన కొందరు స్త్రీలు 1970 దశకంలో బాలికల మాంగా రూపమే మార్చేశారు. జపాను లెక్కలో అది షోవా 24వ సంవత్సరం కాబట్టి వాళ్ళని '24వ ఏటి వాళ్ళు' అంటారు. హగియో 1972లో మొదలుపెట్టి 1976 దాకా విడతలుగా గీసిన కథ 'పో నో ఇచిజోకు', అంటే పో వంశం. కథలో అబ్బాయిల పేర్లు ఎడ్గర్, ఆలన్, వంశం పేరు పో. అమెరికా రచయిత ఎడ్గర్ ఆలన్ పో పేరుని మూడు ముక్కలు చేసి పంచిపెట్టారు.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఎడ్గర్, వాడి చెల్లెలు మేరీబెల్ అనే ఇద్దరు అనాథ పిల్లలు అడవిలో దొరుకుతారు. గులాబీలు పెంచుకునే ఒక మారుమూల ఊళ్ళో ఒక ముసలమ్మ వాళ్ళని పెంచుతుంది. ఆ ఊరంతా చావులేని వాంపైర్లే. వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. పిల్లల్ని తమలో కలుపుకోరు, పెద్దయ్యేదాకా ఆగుతారు. కారణం చాలా మామూలుది. కలిసిన రోజు ఏ వయసులో ఉంటే ఎప్పటికీ ఆ వయసే. కానీ చుట్టుపక్కల మనుషులకి సంగతి తెలిసి ముసలమ్మని చంపేస్తారు. ఆ గందరగోళంలో వంశపెద్ద ఎడ్గర్‌ని పద్నాలుగో ఏటే మార్చేస్తాడు. చెల్లెల్ని మాత్రం మామూలు మనిషిగా బతకనివ్వమని వాడు అడుగుతాడు. పిల్లని దూరంగా వేరే ఇంటికి పంపిస్తారు. అయితే కొన్నేళ్ళకి మళ్ళీ కలుసుకున్నప్పుడు, ఏం జరిగిందో తెలిసి కూడా, అన్నతో ఉండటానికి మేరీబెలే వచ్చేస్తుంది.

అక్కడినుంచి వాళ్ళ బతుకు ఎలాంటిదంటే, పెంపుడు తల్లిదండ్రులతో కలిసి ఒక ఊరికి వస్తారు. అద్దె ఇల్లు, మంచి బట్టలు, ఇరుగుపొరుగుతో మర్యాదలు. అద్దంలో నీడ పడాలంటే కూడా కావాలని తెచ్చిపెట్టుకోవాలి, ఒక్క క్షణం ఏమరితే పడదు. రెండు మూడేళ్ళయ్యేసరికి "మీ పిల్లలు అస్సలు ఎదగలేదే!" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట రాకముందే పెట్టెలు సర్దుకుని ఇంకో ఊరు. పిల్లలకి స్నేహితులు దొరికే సమయానికే బయలుదేరవలసిన రోజు వస్తుంది.

ఈ పేజీలు చదువుతోంటే మా అమ్మాయి వెనకనుంచి వచ్చి నిలబడింది. "అక్కడిదాకా వచ్చారా నాన్నా?" అంది. నేను తలూపాను. "మనలాగే కదా," అంది. గొంతులో కోపం లేదు. హోమ్‌వర్క్‌లో లెక్క చెప్పినట్టు చెప్పింది. "అక్కడ పిల్లలు ఎదగరు కాబట్టి మారతారు. నేను ఎదుగుతున్నా కూడా మారాం." నేనేదో హెచ్ 1 గురించి, కాంట్రాక్టుల గురించి మొదలుపెట్టాను. "అదంతా నాకు తెలుసు నాన్నా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ కథలో 1879లో మేరీబెల్ ఎడ్గర్‌కి దక్కకుండా పోతుంది. పెంపుడు తల్లిదండ్రులూ పోతారు. నూరేళ్ళకి పైగా తోడున్న చెల్లెలు పోయిన రాత్రి ఎడ్గర్ ఒక పరిచయస్తుడి కిటికీ దగ్గరికి వెళ్తాడు. ఆ కుర్రాడే ఆలన్. తండ్రి లేడు, ఆస్తికోసం కాచుకుని ఉన్న బంధువులమధ్య ఊపిరాడకుండా ఉన్నాడు. ఒంటరిగా ఉండటం తనవల్ల కావడం లేదని, తనతో వచ్చెయ్యమని ఎడ్గర్ పిలుస్తాడు. ఆలన్ కిటికీలోంచి వెళ్ళిపోతాడు. మర్నాటినుంచి ఆ గది ఖాళీ.

హారర్ అంటే నాకు ఇన్నాళ్ళూ తెలిసింది ఒళ్ళు జలదరించడం. ఇక్కడ భయం వేరే చోట ఉంది. ఏ కట్టుబాటుని తప్పి తనకి అన్యాయం చేశారో, సరిగ్గా అదే తప్పు ఎడ్గర్ ఇంకో పిల్లవాడికి చేస్తున్నాడు. వాడికి ఆ సంగతి తెలుసు. ఆకలి వల్ల అయితే క్షమించవచ్చు, ఇది ఆకలి వల్ల కాదు. పక్కన మాట్లాడే మనిషి కావాలి, అంతే. ఒంటరితనం పిశాచికి పడిన శిక్ష అని మాత్రమే అనుకుంటే కథ సగమే అర్థమైనట్టు. ఒక పిశాచి ఇంకో పిశాచిని తయారుచేసేది ఆ ఒంటరితనంతోనే. హగియో ఆ పిలుపుని ప్రేమలాగానూ గీశారు, నేరంలాగానూ గీశారు. రెండిట్లో ఏదో మనకి చెప్పరు. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చినది ఇదే.

గీసిన తీరు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. మామూలు బొమ్మల కథలో గడులుంటాయి, మనుషులు గడుల్లో ఉంటారు. 24వ ఏటి వాళ్ళు ఆ గీతల్ని చెరిపేశారు. ముఖ్యమైన మనిషి గడి దాటి పేజీ పొడుగునా నిలబడతాడు. మనసులో మాట బుడగలో కాకుండా ఖాళీ తెలుపులో ఎక్కడో తేలుతూ ఉంటుంది. పైకి అన్న మాటకి, లోపల అనుకున్న మాటకి మధ్య పేజీలో నిజంగానే దూరం కనిపిస్తుంది. మొదటిరోజు నన్ను భయపెట్టిన ఆ ఖాళీ పేజీ అలాంటిదేనని తర్వాత అర్థమైంది. అచ్చు పడకుండా మిగిలిపోయింది అనుకున్నాను, కాదు. గదిలో ఆ అబ్బాయి ఒక్కడే ఉన్నాడని చెప్పడానికి అంత చోటు వదిలారు.

ఇంకో సంగతి, ఈ కథలు కాలక్రమంలో రావు. ఒకటి పద్దెనిమిదో శతాబ్దంలో, ఇంకొకటి 1959లో జర్మనీ హాస్టలు పాఠశాలలో. చాలా కథల్లో ఎడ్గర్‌ని మనం వేరేవాళ్ళ జ్ఞాపకాల్లోంచి చూస్తాం. కుర్రతనంలో ఒకసారి వాణ్ణి చూసి, మళ్ళీ చూడాలని జీవితమంతా వెతుకుతూ ముసలివాడైపోయిన పెద్దాయన ఒకరున్నారు. ఎడ్గర్ వైపునుంచి చూస్తే, ఒకసారి కనిపించినవాళ్ళు మళ్ళీ కనిపించేసరికి జుట్టు నెరిసి ఉంటుంది. రెండేళ్ళకోసారి గుంటూరు వెళ్ళే నాకు ఇది వివరించనక్కర్లేదు. అక్కడే ఉన్న మా అన్నయ్యకి అమ్మానాన్నలు రోజుకి కొంచెం కొంచెంగా పెద్దవాళ్ళవుతారు. నాకు గేటు తీసిన క్షణంలో ఒక్కసారిగా రెండేళ్ళు పెద్దవాళ్ళవుతారు.

నన్ను బాగా కదిలించిన కథ లిడెల్ అనే పాపది. తల్లిదండ్రులు లేని ఆ పసిపిల్లని ఎడ్గర్, ఆలన్ ఇద్దరూ అడవిలోని ఇంట్లో కొన్నేళ్ళు పెంచుతారు. పిల్లాటలు, తగాదాలు, బొమ్మలు. పాప పెరుగుతూ ఉంటుంది, వాళ్ళు పెరగరు. ఒకరోజు పాప ఆ తేడా గమనిస్తుందని తెలిసి, బంధువుల ఇంటికి చేర్చి వెళ్ళిపోతారు. ఆలన్‌ని తోడు తెచ్చుకున్న ఎడ్గర్ ఈ పాపని మాత్రం తనలా మార్చడు. ఒంటరితనం తీరే అవకాశం చేతిలో ఉండి కూడా వదిలేసుకుంటాడు. ఎందుకో ఒక్క మాటలో కూడా వివరణ ఉండదు.

ఈ పుస్తకానికి 1976లో షోగాకుకాన్ బహుమతి వచ్చింది. నలభై ఏళ్ళ విరామం తర్వాత 2016లో హగియో మళ్ళీ ఈ కథ అందుకున్నారు. ఇంగ్లీషులో మొదటి సంపుటం 2019లో వచ్చింది. ఎడ్గర్ మాత్రం పద్నాలుగేళ్ళ దగ్గరే ఉన్నాడు.

మా అమ్మాయి నాకిచ్చిన రెండో పుస్తకం పూర్తిగా మరో రకం. షూజో ఓషిమి గీసిన 'హ్యాపీనెస్', 2015 నుంచి 2019 వరకు వచ్చింది, పది సంపుటాలు. పేరు చూసి మోసపోకండి. ఇందులో గులాబీలు లేవు, ఇంగ్లండు లేదు. ఇప్పటి జపాను చిన్న ఊరు, హైస్కూల్లో ఒకజాకి అనే బిక్కమొహం కుర్రాడు. తోటివాళ్ళు వాడితో చిల్లర పనులు చేయించుకుంటారు, కొడతారు. ఒక రాత్రి దారిలో ఒక అమ్మాయి మీదపడి మెడ కొరుకుతుంది. చచ్చిపోతావా, నాలాగా అవుతావా అని అడుగుతుంది. వాడికి ఆలోచించే వ్యవధి ఎక్కడిది, బతకాలనుకుంటాడు.

హగియో కథలో పిశాచి అయ్యాక ఒంటరితనం వస్తుంది. ఓషిమి కథలో ఒంటరితనం ముందే ఉంది, కాటు తర్వాత పడింది. అప్పటికే క్లాసులో ఎవరి కళ్ళకీ ఆనని మనిషి వాడు. కాటు తర్వాత బలం వస్తుంది, కొట్టినవాడే దగ్గరవుతాడు, గోషో అనే అమ్మాయి స్నేహం దొరుకుతుంది. సరిగ్గా మనుషులు దగ్గరికి వస్తున్న ఆ సమయానికే దగ్గరికొచ్చిన ప్రతి మనిషిలోనూ వాడికి రక్తం వాసన తగులుతుంది. దాహం పుట్టినప్పుడు బొమ్మల్లో గీతలన్నీ మెలికలు తిరిగిపోతాయి, ఆకాశం సుడులు తిరుగుతుంది, వాన్‌గో బొమ్మలు చూసినవాళ్ళకి అవే గుర్తొస్తాయి. మాటల్లేకుండా పేజీలకు పేజీలు అలా నడుస్తాయి. ఓషిమికి చిన్నతనంలో నత్తి ఉండేది. తన పేరు తానే చెప్పుకోలేని అమ్మాయి గురించి వేరే పుస్తకం కూడా గీశారు. మాట గొంతులో ఆగిపోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి గీతలు ఇవి. ఈ దేశం వచ్చిన కొత్తలో మీటింగుల్లో నోరు తెరవబోయి మూసుకున్న రోజులు నాకు గుర్తొచ్చాయి. ఒకటి మాత్రం చెప్పాలి. రెండో సగంలో క్రూరత్వం మోతాదు మించింది. అది లేకుండా కూడా కథ నిలబడేదని నా అభిప్రాయం. మా అమ్మాయి ఒప్పుకోదు.

ఇది జపాను సమాజపు జబ్బు అని తేల్చేయడం సులువు. అంకెలు కూడా దొరుకుతాయి. ఇంట్లోంచి, గదిలోంచి బయటికి రానివాళ్ళని అక్కడ 'హికికొమొరి' అంటారు. 2022లో జపాను ప్రభుత్వ సర్వే 15 నుంచి 64 ఏళ్ళ మధ్య అలాంటివారు సుమారు 14 లక్షల 60 వేలమంది ఉంటారని అంచనా వేసింది. 2023 విద్యాసంవత్సరంలో దీర్ఘకాలం బడికి వెళ్ళని పిల్లలు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల్లో కలిపి 3 లక్షల 46 వేలకు పైనే. 2021లో ఒంటరితనం కోసమే ఒక మంత్రిని పెట్టారు. కొతోయామా గీసిన 'యోఫుకాషి నో ఉతా' అనే కథలో కూడా బడి మానేసి, నిద్ర పట్టక రాత్రిళ్ళు వీధుల్లో తిరిగే కుర్రాడికి ఒక వాంపైర్ అమ్మాయి తోడు దొరుకుతుంది. వాడికీ పద్నాలుగేళ్ళే. అది భయపెట్టే కథ కాదు, మధ్యమధ్య నవ్విస్తుంది.

అయితే హగియో తన కథ మొదలుపెట్టినప్పుడు ఈ అంకెలేవీ లేవు. పైగా 2018లోనే బ్రిటన్ ఒంటరితనానికి మంత్రిని పెట్టింది. 2023లో అమెరికా అప్పటి సర్జన్ జనరల్ వివేక్ మూర్తి, మన పక్క రాష్ట్రం కర్ణాటక మూలాలున్నాయన, ఒంటరితనం ఈ దేశంలో అంటువ్యాధిలా ఉందని హెచ్చరిక విడుదల చేశారు. కాబట్టి 'వాళ్ళ జబ్బు' అనే మాట నేను అనలేను. మనింట్లో తలుపు వేసుకున్న గదులు మనకి తెలుసు.

మొన్నొక ఆదివారం మా అమ్మాయి అడిగింది, "మనకి వాంపైర్లు లేరా?" అని. బేతాళుడున్నాడు, 1870లో రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషాయన ఆ కథల్ని 'విక్రమ్ అండ్ ద వాంపైర్' అని అచ్చేశాడు కూడా అన్నాను. రక్తం తాగడని, శవంలో ఉంటాడని, భుజంమీద మోస్తున్న రాజుకి కథ చెప్పి ప్రశ్న వేస్తాడని, రాజు నోరు తెరవగానే మళ్ళీ చెట్టెక్కుతాడని చెప్పాను. చందమామలో శంకర్ వేసిన ఆ బొమ్మ వెతికి చూపించాను. కత్తి పట్టుకుని నడిచే రాజు, భుజంమీద శవం. కాసేపు చూసింది.

"అయితే చెట్టెందుకు ఎక్కుతాడు?"

"మౌనం పోయింది కదా. అది షరతు."

"కాదు నాన్నా. కథ అయిపోతే రాజు మళ్ళీ రాడు కదా, అందుకు."

చిన్నప్పటినుంచి ఆ కథలు వందల సార్లు చదివాను. నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి ఒక సలహా. 'పో నో ఇచిజోకు' పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు నిరభ్యంతరంగా చదవవచ్చు. పేర్లూ సంవత్సరాలూ ఎక్కువ, పక్కన కాగితం పెట్టుకుంటే మంచిది. కొతోయామా కథ కూడా ఆ వయసుకి ఫరవాలేదు, కొంచెం అల్లరి మాటలుంటాయి. 'హ్యాపీనెస్' మాత్రం పదహారు దాటాకే, అదీ మీరు చదివాక. ఈ నియమం మా ఇంట్లో ప్రకటించి, ఆ పది పుస్తకాలూ బీరువా పైఅరలో పెట్టాను. వాటిని లైబ్రరీనుంచి తెచ్చి నాకిచ్చిందే మా అమ్మాయి, తను ఎప్పుడో చదివేసింది అని మా ఆవిడ గుర్తుచేసింది. గడువు శుక్రవారంతో అయిపోతుందిట. దించి ఇచ్చేశాను.